పావు చుట్టులో పికప్పు

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త బైకుల్లో కార్బురేటర్ దాదాపు కనుమరుగైంది. దాని పనిని ఫ్యూయల్ ఇంజెక్షన్ అందుకుంది. అయితే అంతకుముందు కొన్న స్ప్లెండర్లు, బుల్లెట్లు, 1996లో తయారీ ఆగిపోయినా మోజు తగ్గని ఆర్‌ఎక్స్ 100లు ఇంకా రోడ్ల మీదే ఉన్నాయి. వాటి కార్బురేటర్‌ను ఇంట్లోనే సరిచేసుకోవడానికి స్క్రూడ్రైవర్, రెండు మూడు స్పానర్లు చాలు. చెవి మాత్రం బాగా పనిచేయాలి.

ఇంజన్ పీల్చే గాలి కార్బురేటర్‌లోని ఇరుకు గొంతు దాటేటప్పుడు వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం పడిపోతుంది. దాంతో కింది గిన్నెలోని పెట్రోల్ జెట్ల గుండా పైకి ఎగబాకుతుంది. లెక్క ప్రకారం పెట్రోల్ ఒక పాలైతే గాలి బరువులో 14.7 పాళ్లు ఉండాలి. ఆర్‌ఎక్స్ 100లో ఉన్నటువంటి స్లైడ్ కార్బురేటర్‌లో బండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు పెత్తనం పైలట్ జెట్‌ది, ఎయిర్ స్క్రూది. యాక్సిలరేటర్ సగం దాకా తిప్పితే నీడిల్ పిన్‌ది, పూర్తిగా తిప్పితే మెయిన్ జెట్‌ది. మంచి మెకానిక్ ‘‘ఎంత రేజ్ చేస్తే మిస్సవుతోంది?’’ అని ముందే అడిగేది ఇందుకే.

స్క్రూ ముట్టుకోకముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, ఇంజన్‌కు కలిపే రబ్బరు జాయింటు చిట్లినా, ఫోర్‌స్ట్రోక్ బండిలో టాపెట్లు బిగుసుకున్నా నింద పడేది కార్బురేటర్ మీదే. వాటిలో తేడా లేదని తేలాకే పెట్రోల్ ట్యాప్ కట్టేసి, నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట విప్పాలి. జెట్ రంధ్రంలో ఇనుప తీగ గుచ్చడం పాడు అలవాటు. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా మైలేజీ దెబ్బతింటుంది. కార్బురేటర్ క్లీనర్ కొట్టి, గాలి పట్టిస్తే సరిపోతుంది.

ఇక ట్యూనింగ్. చల్లటి ఇంజన్ మీద చేసింది లెక్కలోకి రాదు. బండిని కాసేపు తిప్పి తెచ్చి ఐడిలింగ్ కొంచెం పెంచాలి. ఎయిర్ స్క్రూను మెల్లగా లోపలి దాకా బిగించి, ఒకటిన్నర చుట్లు వెనక్కి వదిలితే మొదలుపెట్టడానికి అనువైన చోటు దొరుకుతుంది. బలంగా బిగిస్తే దాని మొన పాడవుతుంది. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, ప్రతిసారీ కాసేపు ఆగి వినాలి. శబ్దం ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉంటే అక్కడ వదిలి, ఐడిలింగ్ తగ్గించుకోవాలి. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిది, బయటికి తిప్పితే పెట్రోల్ పాలు తగ్గుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోల్‌ది, అంతా తలకిందులు! కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

చెవి చెప్పిందాన్ని ప్లగ్గుతో సరిచూసుకోవాలి. మొన బిస్కెట్ రంగులో ఉంటే సరే. నల్లటి మసి పడితే పెట్రోల్ ఎక్కువ, తెల్లబారితే తక్కువ. టూస్ట్రోక్ బండికి తెలుపు ప్రమాదం. వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగ్ కాస్త పలచబడుతుంది. సగం యాక్సిలరేటర్ దగ్గర బండి తడబడుతుంటే పిన్ క్లిప్‌ను ఒక గాడి కిందికి దించి చూడొచ్చు. పిన్ పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది. మార్పు ఒక్కసారికి ఒకటే చేయాలి, ఆ తర్వాత మళ్లీ ప్లగ్గు విప్పాలి.