నాటకం ముందు, రాయి తర్వాత

గ్రీకు నాటకశాల అనగానే కొండవాలున అర్ధచంద్రాకారంలో పరుచుకున్న రాతి మెట్లే కళ్ల ముందు మెదులుతాయి. కానీ నాటకకర్తలు సోఫోక్లిస్, యూరిపిడిస్ అలాంటి మెట్ల ముందు రాసిన వాళ్లు కారు. ఇద్దరూ క్రీ.పూ. 406 ప్రాంతంలోనే కన్నుమూశారు. ఏథెన్స్‌లో ఆక్రోపోలిస్ దక్షిణపు వాలున ఉన్న డయోనిసస్ నాటకశాలకు నిండైన రాతి రూపం వచ్చింది రాజనీతిజ్ఞుడు లైకర్గస్ హయాంలో, అంటే క్రీ.పూ. 330 ప్రాంతంలో. వాళ్ల నాటకాల తొలి ప్రేక్షకులు కూర్చున్నది చెక్క బల్లల మీద.

నాటకాల వాళ్ల మధ్య తిరిగిన నాకు ఈ వరస ఎంతో నచ్చుతుంది. ముందు నాటకం పుట్టింది, దానికి ఏం కావాలో అదే కట్టుకుంది. బృందం ఆడి పాడటానికి చదునైన నేల కావాలి, అది ఆర్కెస్ట్రా అయింది. ముగ్గురే నటులు అన్ని పాత్రలూ వేయాలి, మాస్కులు మార్చుకోవడానికి చాటు కావాలి. అలా వెనక ‘స్కీనీ’ వెలిసింది. హత్యలు తెర వెనకే జరిగిపోతాయి కాబట్టి శవాన్ని చూపించడానికి చక్రాల బల్ల వచ్చింది. ఏదీ అలంకారం కోసం పుట్టలేదు.

ఎపిడారస్ సంగతి చూడండి. వైద్యదేవుడు ఆస్‌క్లీపియస్ క్షేత్రంలో క్రీ.పూ. 4వ శతాబ్దం చివర్లో కట్టిన నాటకశాల అది. మొదట 34 వరసలు, తర్వాత పైన మరో 21. సుమారు 20 మీటర్ల వ్యాసంతో గుండ్రటి ఆర్కెస్ట్రా. ఒక్క మెట్టునే దగ్గరగా గమనించండి. ముందు భాగం కూర్చోవడానికి. వెనక భాగాన్ని కాస్త పల్లంగా చెక్కారు, పై వరసవాళ్లు పాదాలు ఆనించుకోవడానికి. కూర్చున్నవాళ్లు మడమలు వెనక్కి జరుపుకొనేలా మెట్టు ముఖాన్ని లోపలికి తొలిచారు. పొద్దుటి నుంచీ వరసగా నాటకాలు చూసే జనం నడుం నొప్పి తెలిసినవాడు చెక్కిన రాయి అది.

గైడ్లు మాత్రం ఆర్కెస్ట్రా మధ్యలో నాణెం జారవిడిచి, చిట్టచివరి వరసదాకా వినిపిస్తుందంటారు. మెట్ల వరసలు లోస్థాయి రొదను తగ్గిస్తాయని 2007లో పరిశోధకులు చెప్పారు. అయితే గుసగుస అన్ని చోట్లా స్పష్టంగా వినపడదని 2017 నాటి కొలతలు తేల్చాయి. నాకు ఇందులో నిరాశేమీ లేదు. గ్రీకు నటుడు గుసగుసలాడలేదు, గొంతెత్తి పలికాడు.

అక్కడ వేసవిలో ఇప్పటికీ ప్రాచీన నాటకాలు ఆడుతున్నారు. గ్రీసు వెళ్లే తెలుగువాళ్లకు నా మనవి ఒక్కటే: పగలు మెట్లెక్కి ఫొటో తీసుకుని వచ్చేయకండి. టికెట్ కొనుక్కుని, పై వరసలోనైనా సరే, ఒక నాటకం పూర్తిగా చూసి రండి.