గన్నవరం ఎమ్మెల్యే సుందరయ్య

శాసనసభ్యుడి పనితనం బడ్జెట్ పద్దుల దగ్గర తెలుస్తుంది. పద్దు చదవాలి, ప్రశ్న వేయాలి, మంత్రి నుంచి జవాబు రాబట్టాలి. ఆ పనిని పుచ్చలపల్లి సుందరయ్య నిష్ఠగా చేశారు.

1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వాముల ఇంట పుట్టిన ఆయన, తన పేరు చివరి కులసూచికను వదిలేశారు. 1952లో రాజ్యసభకు ఎన్నికై, పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారు. గన్నవరం ఓటర్లు 1955, 1962, 1978 ఎన్నికల్లో ఆయనను శాసనసభకు పంపారు. సాగునీటి మీద మాట్లాడాలంటే నదుల నీటి లెక్కలు ముందుగా అధ్యయనం చేసేవారు. మంత్రి పదవి ఏనాడూ చేపట్టలేదు. అయినా ప్రత్యర్థులూ ఆయన మాటకు విలువిచ్చారు. చదివి మాట్లాడే సభ్యుడే ఓటరుకు నిజమైన ప్రతినిధి. సభలో అడుగుపెట్టే ప్రతి కొత్త ఎమ్మెల్యే సుందరయ్య దగ్గర నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే.