పుట్టిలో పొందిక

సింగూరు జలాశయం నిండితే దాదాపు 30 టీఎంసీల నీళ్లు. వాటి మీద చేపలు పట్టేవాళ్లకు దొరికే చోటు ఒక గుండ్రటి పుట్టి. అందులో మూల అంటూ ఉండదు, అయినా ప్రతి వస్తువుకూ చోటుంటుంది. ఆ పనితనమంటే నాకు ఎంతో గౌరవం.

వల సర్దడమే అసలు విద్య. బెండ్ల తాడు ఒక పక్క, గుండ్ల తాడు మరో పక్క, మడత మీద మడత పేరుస్తారు. అప్పుడే చీకట్లో వదిలినా చిక్కుపడదు. రవ్వ, బొచ్చె చేపలు వేసే తడి గోనెసంచిని మనిషికి ఎదురుగా పెడతారు, బరువు సరితూగాలి కదా. సద్దిగిన్నె కాళ్ల దగ్గర. తెడ్డుకు అడ్డంగా ఏదీ ఉండదు.