గిల్టు

పెళ్లిళ్లలో మా పెద్దత్తకో అలవాటు. ఎవరి మెళ్లోనైనా కొత్త హారం కనిపిస్తే చాలు, పక్కనున్నవాళ్ల చెవిలో "గిల్టేనంటావా?" అని ఆరా తీస్తుంది. మనకి గిల్టంటే ఉత్తుత్తిది. ఫ్రెంచి రాజుల దీపాల గురించి చదివేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

పదిహేనో లూయీ ప్రియురాలు మదాం దు బారీ లూవ్‌సియెన్‌లో కట్టించుకున్న విహార మందిరానికి కంచు సామాను చేసినవాడు పియెర్ గూతియేర్. అతని చేతిలో గోడ దీపం గసగసాల కొమ్మ అయిపోయేది. ఆకులకీ కాయలకీ ఈనెలతో సహా బంగారు పూత.

ఆ పూత ఎలా వేసేవారో చూడండి. బంగారాన్ని పాదరసంలో కలిపితే వెన్నలా మెత్తబడుతుంది. దాన్ని శుభ్రం చేసిన కంచు మీద పూసి, బొగ్గుల కుంపటి మీద కాచేవారు. పాదరసం ఆవిరై పోతుంది, బంగారం కంచుని పట్టుకుని ఉండిపోతుంది. ఆపైన కొన్నిచోట్ల గట్టి రాయితో రుద్ది మెరుగు పెడతారు, కొన్నిచోట్ల మెరుపు లేకుండా మెత్తగా వదిలేస్తారు. ఈ మెరుపులేని పూతలో గూతియేర్‌ది అందెవేసిన చెయ్యి. కొవ్వొత్తి మంట కదిలినప్పుడల్లా మెరుగు పెట్టిన అంచు తళుక్కుమంటుంది, పక్కనున్న ఆకు వెలుగుని మింగి ఊరుకుంటుంది. కరెంటు బల్బు కింద ఈ ఆట సగం చచ్చిపోతుందని నా అభిప్రాయం.

ఆవిరైన పాదరసం ఎక్కడికి పోయింది? పూత వేసేవాడి ఊపిరితిత్తుల్లోకి. చేతులు వణికేవి, పళ్లు ఊడేవి. గూతియేర్ సంగతీ చల్లగా లేదు: 1787లో దివాలా తీశాడు. పెద్ద మొత్తం బాకీపడ్డ దు బారీ తల 1793లో గిలటిన్ కింద తెగింది. అతను 1813లో పేదరికంలో పోయాడు.

నెపోలియన్ మహళ్లకి దీపాలు చేసిన రావ్రియో మాత్రం పనివాళ్లని మరిచిపోలేదు. 1814లో పోతూ, ఈ విషం నుంచి వాళ్లని కాపాడే ఉపాయం చెప్పినవారికి 3,000 ఫ్రాంకులు ఇమ్మని వీలునామా రాశాడు. పొగని పైకి లాగేసే కొలిమి గొట్టం కట్టి చూపించిన దార్సే అనే రసాయన శాస్త్రవేత్త 1818లో ఆ బహుమతి అందుకున్నాడు.

ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తే ఫ్రెంచి గడియారాల దగ్గర కాసేపు ఆగండి. మెరుగు ఎక్కడ ఆగిందో, మెత్తని పూత ఎక్కడ మొదలైందో వెతకండి. మా పెద్దత్తని కూడా తీసుకెళ్దామనుకుంటున్నాను.