చిన్న ప్రసార కేంద్రములు – డిజిటల్ మార్పు

టెలివిజన్ ప్రసారములు అనలాగ్ పద్ధతినుండి డిజిటల్ పద్ధతికి మారుట కేవలము విజయగాథగనే సాధారణముగ వర్ణింపబడుచున్నది. అది సత్యమే గాని పూర్ణసత్యము కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల అనుభవమును పరిశీలించినచో ఈ విషయము తేటపడును.

ముందు శాస్త్రమును చూతము. దూరము పెరిగినకొలది అనలాగ్ బొమ్మ క్రమముగ చెడును. తెరపై తెల్లని చుక్కలు క్రమ్మినను మనిషి రూపమును గుర్తింపవచ్చును, మాట వినవచ్చును. డిజిటల్ పద్ధతి అట్టిది కాదు. 2009లో అచట స్థిరపడిన విధానమున సంకేతము రొదకంటె సుమారు 15 డెసిబెల్లు, అనగా 30 రెట్లకు పైగా, హెచ్చుగ నున్నంతవరకు బొమ్మ నిర్మలముగ వచ్చును. అంతకు తగ్గినచో ముక్కలై మాయమగును. ఇది మెట్లులేని మిద్దె అంచు వంటిది.

పెద్ద కేంద్రము ఈ అంచును దూరముగ నెట్టగలదు. యూహెచ్‌ఎఫ్ చానెళ్లలో, ఆంటెన్నా ప్రభావమును కలుపుకొని, దానికి 1000 కిలోవాట్ల వరకు అనుమతి కలదు. 1982లో ఏర్పడిన అల్పశక్తి కేంద్రముల తరగతికి పరిమితి 15 కిలోవాట్లే. చిన్న పట్టణములకు, కొండలోయలకు, స్పానిష్ మొదలగు భాషలవారికి సేవచేయునవి వీనిలో అనేకము.

ఇక విమర్శింపదగినది పథకమును. పెద్ద కేంద్రములకు రెండు పద్ధతులను ఏకకాలమున నడుపుటకై రెండవ చానెలు నిచ్చిరి. చిన్నవానికి అట్టి హామీ లేదు. పాత టెలివిజన్ల కొరకు ప్రభుత్వము ఇంటికి రెండేసి చొప్పున 40 డాలర్ల కూపన్లు పంచినది. కాని ఆ కూపన్లతో కొనిన పెట్టెలలో పెక్కింటికి అనలాగ్ సంకేతమును లోపలికి పోనిచ్చు ఏర్పాటు లేదు. పెట్టె తగిలించిన ఇంటిలో, ఇంకను అనలాగ్‌లోనే యున్న చిన్న కేంద్రము కనబడకపోయెను. ఆ కేంద్రముల సంఘము 2008లో న్యాయస్థానము నాశ్రయించినను ఫలితము లేకపోయినది.

పెద్ద కేంద్రములు 2009 జూన్ 12న మారినవి. చిన్నవానికి గడువు 2015నుండి జరిగి జరిగి 2021 జూలై 13 అయినది. ఈలోగా 2016–17లో జరిగిన వేలములో 38నుండి 51వరకు గల చానెళ్లు టెలివిజన్ చేతినుండి పోయినవి. వేలమున దాదాపు 1980 కోట్ల డాలర్లు వచ్చినవి. రక్షణ లేని చిన్న కేంద్రములు మరల క్రొత్త చానెలు వెదకుకొనవలసి వచ్చినది. వాని ఖర్చులకు సహాయము 2018లో గాని మంజూరు కాలేదు.

మార్పు వద్దని నా వాదము కాదు. ఒకే చానెలులో అనేక కార్యక్రమములు ఇముడుట చిన్న కేంద్రమునకును లాభమే. అయితే, యంత్రము మేలైనదా అను ప్రశ్నతో ఆగరాదు. మారుటకయ్యెడి వ్యయము నెవరు భరింతురు? అంచుకు ఆవల మిగిలిపోవువా రెవరు? ఉపాధ్యాయులు తరగతిలో ఈ రెండు ప్రశ్నలను గూడ వేసిననే పాఠము పూర్తియగును.