లోగిట్లో ఎవరు? వాకిట్లో ఎవరు?

ఈ మధ్య లోగిళ్ల మీద ప్రేమ ఎక్కువైంది. హైదరాబాదు చుట్టుపక్కల విల్లాల బ్రోచర్లు 'బాలీ తరహా ఆవరణ' అంటాయి. హోటళ్లు మండువా ఇంటి స్తంభాలు, ద్వారబంధాలు కొనుక్కొచ్చి నిలబెడుతున్నాయి. గాలి, వెలుతురు, నలుగురూ కలిసి కూచునే చోటు, ఇదంతా మన సంప్రదాయ సంపద అని రాస్తున్నారు. గాలీ వెలుతురూ నిజమే, కాదనం. కానీ ఆ 'నలుగురు' ఎవరన్నదే అసలు ప్రశ్న. భద్రాచలానికి ఎదురుగా, గోదావరికి ఇవతలి ఒడ్డున ఉన్న సారపాక నుంచి మేము ఆ ప్రశ్న అడుగుతున్నాం.

ముందు బాలీ సంగతి. అక్కడి ఇల్లంటే ఒకే కప్పు కాదు. చుట్టూ ప్రహరీ, నట్టనడుమ 'నాతా' అనే ఖాళీ నేల, దాని చుట్టూ విడివిడి కట్టడాలు. కొండవైపు, పొద్దుపొడుపువైపు కలిసే మూలన ఇంటి గుడి, దిగువన వంటిల్లు. ఎవరి ఇంటిని ఏ పేరుతో పిలవాలో కులమే చెబుతుంది. బ్రాహ్మణుడిదైతే గ్రియ, రాజుదైతే పురి, సామాన్యుడిదైతే ఉమా. పై మూడు వర్ణాలకూ చెందని అత్యధిక జనాన్ని 'జాబా' అంటారు. జాబా అంటే బయట. దొరల ఇళ్లను పిలిచే 'జెరో' మాటకు అర్థం లోపల. మన ఊళ్లలో ఉన్నట్టు వెలివాడ అక్కడ లేదు, ఆ తేడాను దాచకూడదు. అయినా లోపల, బయట అనే మాటలే మనుషుల అంతస్తుకు పేర్లయ్యాయంటే ఆవరణ ఒట్టి గాలి కోసం కట్టింది కాదని తెలుస్తూనే ఉంది. 1980ల చివర్లో ఉబుద్ పక్కన బాలీ ఊరి నమూనాలో ఖరీదైన హోటళ్లు లేచాయి. ఆ ఆవరణే ఇవాళ దేశాలు దాటి అమ్ముడవుతోంది, దాని చరిత్ర మాత్రం బ్రోచరులోకి రాలేదు.

ఇక మన దగ్గరికొద్దాం. కోస్తాలో మండువా, తెలంగాణలో భవంతి. నాలుగు వైపుల నుంచి కప్పు లోపలికి వాలి, వాన నీళ్లు నడిమధ్యన పడతాయి. కట్టడం గొప్పదే. అయితే వీధి నుంచి అరుగు, అరుగు నుంచి వసారా, వసారా నుంచి మండువా, అక్కణ్ణించి దేవుడిగది. ఇవి గదులు మాత్రమే కావు, మెట్లు. ఏ కులపోడు ఏ మెట్టు కాడ ఆగాలో అందరికీ తెలుసు, రాసిపెట్టాల్సిన పని లేదు. మాల మాదిగ పాలేరు పశువుల కొట్టం వైపు నుంచి వచ్చేవాడు. వాడి ముంత చూరులో ఉండేది. నీళ్లు పైనుంచి పోసేవాళ్లు. మా అవ్వలు ఆ వాకిళ్లు ఊడ్చి కల్లాపి చల్లారే గానీ, మండువాలో పడ్డ వానను చూసినవాళ్లు లేరు. తెలుగులో 'దొడ్డిదారి' అంటే మోసపు దారి అని అర్థం. మాకు వదిలిన దారి అదొక్కటే గదా! దారి మాకిచ్చి, దోషం కూడా మాకే అంటగట్టింది భాష.

లోగిళ్లు కూలాయి, కొత్త చోట్లొచ్చాయి. బస్సు, బడి, సినిమా హాలు, టీ హోటలు. టిక్కెట్టు కొన్నవాడు ఎక్కడైనా కూచోవచ్చని అనుకున్నాం. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిన గొడవ ముదిరి ముదిరి 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల హత్యలదాకా పోయింది. హాలుకు మండువా లేదు, కానీ మండువా నేర్పిన దూరం హాల్లోకి నడిచొచ్చింది. ఇవాళ కొన్ని అపార్టుమెంట్లలో పనివాళ్లకు వేరే లిఫ్టు. దొడ్డిదారికి కరెంటు పెట్టారు, అంతే.

సారపాకలో కాగితం మిల్లు వచ్చాక, షిఫ్టు దిగినవాళ్లు రకరకాల ఊళ్లవాళ్లు ఒకే బడ్డీ కాడ టీ తాగారు. అది చిన్న మార్పు కాదు. చుట్టుపక్కల కోయగూడేల్లో ఇల్లు చిన్నది, వాకిలి పెద్దది. ఇప్పపువ్వు ఎండేదీ, చుట్టం కూచునేదీ అక్కడే. మా పేటల్లోనైతే అంబేడ్కర్ విగ్రహం చుట్టూ ఉన్న జాగాయే మా లోగిలి. పంచాయితీ, పెళ్లి, చావు, ఏప్రిల్ 14, అన్నీ అక్కడే. దానికి లోపలా లేదు, బయటా లేదు. అలాగని మమ్మల్ని మేము పొగుడుకోము. ఆ జాగాను ఊడ్చేది ఆడోళ్లు, మీటింగులో మాట్లాడేది మగోళ్లు. ఈ గీతను కూడా చెరపాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. సర్కారు ఇళ్ల పథకాల్లో మాకిచ్చేది కొలిచిన గది. 2015 నాటి డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. ఇల్లు కావాలి, ఎవరు వద్దంటారు? కానీ కాలనీ ప్లానులో వరసలుంటాయి, అందరూ కూచునే జాగాకు చోటు వెతుక్కోవాలి. ఉన్నోడికి ఆవరణ సంస్కృతి, లేనోడికి అది వృథా జాగా! కనుక లోగిలిని పొగిడే మేధావులకు మా మాట ఒక్కటే. స్తంభాలు తర్వాత నిలబెట్టండి. ముందు ప్రతి కాలనీ ప్లానులో నడిమధ్యన ఉమ్మడి జాగా గీయించండి. విద్యార్థులారా, కార్యకర్తలారా, మీ ఊరి కాలనీ ప్లాను అడిగి చూడండి. ఆ జాగా లేకపోతే, పునాది పడకముందే నిలదీయండి.