నిజరూపమేది? — ‘ది క్రిసాలిడ్స్’ నవలపై విమర్శ

సీతాకోకచిలుక జీవితంలో గొంగళిపురుగు దశకు, రెక్కలు వచ్చే దశకు నడుమనున్న ప్యూపానే ఇంగ్లీషులో క్రిసాలిస్ అంటారు. ఆంగ్ల రచయిత జాన్ విండమ్ (1903–1969) 1955లో ప్రచురించిన వైజ్ఞానిక నవలకు ‘ది క్రిసాలిడ్స్’ అన్న పేరు తగినదే. అందులోని ముఖ్యపాత్రలు పిల్లలు. పెద్దలవలె లేనందుకే ప్రాణాలు దక్కించుకొనడానికి పరుగెత్తవలసినవారు.

కథ జరిగేది లాబ్రడార్‌లో. పూర్వమెన్నడో ఒక మహావిపత్తు భూమిని పాడుచేసినది. అది పరమాణుయుద్ధమేనని పాఠకుడు ఊహించుకొనగలడు. బతికి బయటపడినవారి సంతతి ‘నిజరూపం’ అనే కొలబద్ద పెట్టుకున్నది. దానికి సరిపడని పైరును తగులబెడతారు, పశువును చంపుతారు, మనిషినైతే సంతానశక్తి పోగొట్టి పొలిమేర దాటిస్తారు. సోఫీ అనే పిల్లకు ఒక్కొక్క పాదానికి ఆరేసి వేళ్ళు. రాతిమీద పడిన ఒక తడి అడుగుజాడ ఆ కుటుంబాన్ని రాత్రికి రాత్రే ఇల్లు విడిపిస్తుంది. ఆమె స్నేహితుడు డేవిడ్‌లో పైకి కనిపించే తేడా ఏదీ లేదు. కాని అతడూ, మరికొందరు పిల్లలూ మాట లేకుండానే ఒకరి తలపులొకరు గ్రహించగలరు.

ఈ కల్పనలో శాస్త్రమెంత? ఎక్స్ కిరణాలు సోకిన డ్రోసోఫిలా ఈగల సంతతిలో ఉత్పరివర్తనాలు హెచ్చుతాయని హెర్మన్ మ్యుల్లర్ 1927లో చూపించాడు. ఆ కృషికే 1946లో నోబెల్ బహుమానం పొందాడు. ఆరవ వేలు కూడా లోకంలో ఉన్నదే. చాలామందికి దానివల్ల హాని లేదు. కాని తలపులు చదివే శక్తి ఒక్క తరంలోనే ఇందరిలో పుట్టడం కథకోసం తీసుకున్న స్వేచ్ఛ మాత్రమే. అటువంటి శక్తి ఉన్నదనడానికి రుజువు లేదు.

నవల బలం మరొకచోట ఉన్నది. దూరదేశాలు తిరిగిన నావికుడు ఏక్సెల్ డేవిడ్‌కు ఒక సంగతి చెబుతాడు: ఎక్కడి మనుషులు అక్కడ తమ రూపమే నిజరూపమని నమ్ముతున్నారు. ఇది కథకే పరిమితమైన మాట కాదు. 1933లో జర్మనీలో చేసిన చట్టం కింద సుమారు 4,00,000 మందికి బలవంతంగా సంతానశక్తి లేకుండా చేశారు. నిజానికి పుట్టే ప్రతి శిశువులోను తల్లిదండ్రులకు లేని కొత్త ఉత్పరివర్తనాలు కొన్ని పదులుంటాయి. ఆ కొలబద్దతో కొలిస్తే నిలిచే మనిషే ఉండడు.

అయితే ముగింపులో రచయిత తానే తడబడ్డాడు. సీలాండ్ నుండి విమానంలో వచ్చిన స్త్రీ తలపులు చదివే పిల్లలను కాపాడుతుంది. తరుముతున్నవారిని, పొలిమేర ఆవలి అభాగ్యులను కూడా చంపుతుంది. మేలైన జాతి పాతదాన్ని తొలగించక తప్పదని సమర్థించుకుంటుంది. జీవపరిణామం మేలుకీళ్ళు ఎంచే నిచ్చెన కాదు. పరిసరాలకు తగినది నిలుస్తుంది, అంతే. అంతకుముందే పోరులో చనిపోయిన సోఫీ బతికివుంటే, తలపులు చదవలేని ఆ పిల్లకు విమానంలో చోటు దొరికేదా? నవల ఈ ప్రశ్న వేయలేదు. చదివిన విద్యార్థులు వేయాలి.